బాకీ వేరు, రుణం వేరు: కతోలిక నీతితత్త్వంలో న్యాయం

తెలుగులో బాకీని చెల్లిస్తారు, రుణాన్ని తీర్చుకుంటారు. వాడుకలో ఈ మాటలు అక్కడక్కడ ఒకదాని చోట ఒకటి వచ్చినా, కన్నతల్లికి బాకీ చెల్లించేశానన్నవాణ్ణి ఊరు వింతగా చూస్తుంది. కిరాణా కొట్టు పద్దు విషయంలో రుణం తీర్చుకున్నానంటే వెటకారం అనుకుంటారు. బాకీకి అంకె ఉంటుంది, గడువు ఉంటుంది, పద్దు కొట్టేసే రోజు ఉంటుంది. రుణానికి ఇవేవీ లేవు. అందుకే దాన్ని తీర్చడం ఎదుటివాడి లెక్క కోసం కాక తన మనసు కోసం చేసుకునే పనిగా ‘కుంటారు’ అనే ప్రత్యయం పట్టి చూపుతుంది. కతోలిక నీతితత్త్వంలో న్యాయానికి, దాని అనుబంధ సద్గుణాలకు ఉన్న సంబంధమంతా దాదాపు ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది. ఒడిశా సరిహద్దున గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో తెలుగువారు సవరలు, కోదులు, ఒడియా వారితో కలిసి బతికే చోట్ల ఈ తేడాను చెరిపేయడం ఒకప్పుడు మనుషులను కట్టిపడేసే సాధనంగా పనిచేసింది కాబట్టి, ఇక్కడి పాఠకుడికి ఈ విషయం గ్రంథాలకే పరిమితమైన చర్చగా కనిపించదు.

పునీత థామస్ అక్వినాస్ (1225–1274) తన ‘సుమ్మా థియొలాజియే’ రెండవ భాగపు రెండవ విభాగంలో 57వ ప్రశ్న నుంచి 122వ ప్రశ్న వరకు (ఆ గ్రంథంలో అధ్యాయాలను ప్రశ్నలంటారు) న్యాయానికే కేటాయించారు. ఆ గ్రంథంలో మరే నైతిక సద్గుణానికీ ఇంత చోటు దక్కలేదు. రోమను న్యాయవేత్త ఉల్పియన్ నుంచి వచ్చిన నిర్వచనాన్నే ఆయన తీసుకున్నారు: ఎవరికి చెందవలసినది వారికి చెందేలా చూడాలనే స్థిరమైన, ఎడతెగని సంకల్పమే న్యాయం. ఇందులో ‘సంకల్పం’ ఎంత ముఖ్యమో ‘చెందవలసినది’ అంత ముఖ్యం. ధైర్యం, మితత్వం వంటి గుణాల కొలత మనిషి లోపలే ఉంటుంది. ఎంత తినడం మితమో తినేవాడి ఒంటిని బట్టి తేలుతుంది. న్యాయం కొలత మాత్రం ఇద్దరి నడుమ, బయట ఉంటుంది. చిటపటలాడుతూ ఇచ్చినా కూలీ సరిగ్గా ఇచ్చిన రైతు న్యాయమైన పనే చేశాడు, అయితే అంతమాత్రాన న్యాయవంతుడు కాలేదు. సంతోషంగా, అలవాటుగా, ఎవరూ చూడకపోయినా ఇచ్చేవాడే న్యాయవంతుడు. పనికీ మనిషికీ మధ్య ఈ ఎడం పెట్టడం వల్లనే చట్టం ఎంతవరకు పోగలదో, ఎక్కడ ఆగిపోతుందో ఈ తత్త్వం చెప్పగలిగింది.

న్యాయంలో మూడు వరుసలు చెబుతారు. మనిషికి మనిషికి మధ్య ఇచ్చిపుచ్చుకోవడాల్లో ఉండేది వినిమయ న్యాయం. సమాజం తన ఉమ్మడి సొత్తును, భారాలను సభ్యులకు పంచేటప్పుడు పాటించవలసినది విభజన న్యాయం. సభ్యుడు ఉమ్మడి మేలుకు చెల్లించవలసి ఉన్నదాన్ని చూసేది సామాన్య న్యాయం, దీన్నే చట్టపరమైన న్యాయం అని కూడా అంటారు. మొదటిది అంకెల సమానత్వం, రెండవది నిష్పత్తి సమానత్వం అనే విభాగం అరిస్టాటిల్ నాటిది. 1992లో వెలువడిన శ్రీసభ (కతోలిక సంఘం) సత్యోపదేశ గ్రంథం 2411వ సంఖ్యలో ఈ మూడింటినీ అలాగే నిలిపింది. పాఠ్యపుస్తకాల్లో ఈ మూడింటికీ సమానంగా పేజీలు ఇస్తారు గానీ, అక్వినాస్ చెయ్యి బాగా తిరిగినది మొదటిదాంట్లోనే. సంతలో కూర్చుని చూసినవాడిలా రాసిన భాగం అది.

77వ ప్రశ్నలో ఆయన ధర గురించి ఒక మెలిక విప్పుతారు. వస్తువు అమ్మడం వల్ల అమ్మేవాడికి మామూలుకు మించిన నష్టం ఉంటే, ఆ నష్టం మేరకు ధర పెంచుకోవచ్చు. కొనేవాడికి అవసరం ఎక్కువ ఉండి, అమ్మేవాడికి ప్రత్యేక నష్టం ఏమీ లేనప్పుడు మాత్రం ధర పెంచకూడదు, ఎందుకంటే ఆ అవసరం కొనేవాడిది. తనది కానిదాన్ని ఎవరూ అమ్ముకోలేరు. రాయగడ జిల్లా గుణుపురం వైపు కొండల మీద ఆషాఢ శ్రావణాల్లో ఇళ్లలో గింజలు అడుగంటి, కొత్త పంట ఇంకా చేలోనే ఉండే వారాలను తెలిసినవారికి ఈ వాక్యం వెంటనే తగులుతుంది. ఆ వారాల్లో కుంచెడు ధాన్యానికి కోతల తరవాత ఒకటిన్నర కుంచాలు అడిగే సావుకారు, ధాన్యంతో పాటు ఎదుటివాడి ఆకలిని కూడా వెల కట్టి అమ్ముతున్నాడన్నమాట. ఇతరుల అజ్ఞానాన్నో ఇబ్బందినో ఆసరా చేసుకుని ధర పెంచడాన్ని సత్యోపదేశ గ్రంథం 2409వ సంఖ్య దొంగతనం వరుసలోనే చేర్చింది. ఇక కొనేటప్పుడు ఒక కొలపాత్ర, అమ్మేటప్పుడు మరొకటి వాడడం గురించి వేరే చెప్పనక్కరలేదు. అదే ప్రశ్నలో కొలతలు ఊరూరికీ మారవచ్చని ఒప్పుకుంటూనే, ఏ చోట ఏ కొలత న్యాయమో నిర్ణయించి నిలబెట్టే పని పాలకులదని అక్వినాస్ గుర్తుచేశారు.

తప్పుగా తీసుకున్నది తిరిగి ఇవ్వడం 62వ ప్రశ్న విషయం. కతోలికులలో చాలామంది పాపసంకీర్తనంతో, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడంతో, లెక్క ముగిసిందనుకుంటారు. క్షమాపణ దేవునితో సంబంధాన్ని బాగు చేస్తుంది, కాని పొరుగువాడి పొలం పొరుగువాడికి చేరదు. చేర్చగలిగి ఉండీ చేర్చకుండా రక్షణ లేదన్నది ఆ ప్రశ్నలోని తీర్పు. అక్కడే ఆయన తిరిగి ఇచ్చే బాధ్యత ఎవరెవరిదో చెబుతూ, చేయించినవాడిని, సలహా చెప్పినవాడిని, సరేనన్నవాడిని, మెచ్చుకుని ఉసిగొల్పినవాడిని, ఆశ్రయమిచ్చినవాడిని, పాలు పంచుకున్నవాడిని వరుసగా లెక్కపెట్టి, చెప్పవలసి ఉండీ నోరు మెదపనివాడిని, ఆపవలసి ఉండీ ఆపనివాడిని, బయటపెట్టవలసి ఉండీ దాచినవాడిని కూడా చేరుస్తారు. చివరి ముగ్గురి మీద బాధ్యత అందరికీ ఒకేలా పడదు, ఆపడం ఎవరి ఉద్యోగ ధర్మమో వారి మీదే పడుతుంది. వేలిముద్ర వేయించుకుంటున్న చోట సాక్షి సంతకం చేసిన ఊరి పెద్దకు, కాగితంలో ఏముందో తెలిసీ చదివి వినిపించని కరణానికి ఈ జాబితాలో చోటు ఉంది.

న్యాయానికి అనుబంధంగా నిలిచే సద్గుణాలను అక్వినాస్ 80వ ప్రశ్నలో రోమను వక్త సిసెరో ఇచ్చిన పట్టిక నుంచి మొదలుపెట్టి పేర్చారు. ఇవన్నీ ఎదుటివారికి ఏదో ఒకటి చెల్లించవలసి ఉండడం అనే అంశంలో న్యాయాన్ని పోలినవే, కాని ఏదో ఒకచోట దాని పూర్తి రూపాన్ని అందుకోలేవు. అందుకోలేకపోవడం రెండు విధాలు. కొన్నిచోట్ల ఇవ్వవలసింది తప్పనిసరే, అయినా సరిసమానంగా ఇవ్వడం సాధ్యం కాదు: దేవునికి ఆరాధన, తల్లిదండ్రులకు, పుట్టిన నేలకు భక్తి, మంచితనంలోనూ పదవిలోనూ పెద్దలైనవారికి మన్నన ఈ కోవలోనివి. మరికొన్నిచోట్ల సరిసమానంగా ఇవ్వడం సాధ్యమే కావచ్చు, కాని కోర్టులో దావా వేసి రాబట్టేది కాదు: నిజం చెప్పడం, మేలు చేసినవారిపట్ల కృతజ్ఞత, నలుగురితో కలుపుగోలుతనం, చేతి ఉదారత ఇటువైపు వస్తాయి. మొదటి కోవలో చెల్లింపు ఎప్పటికీ చాలదు, రెండో కోవలో అడిగే హక్కు ఎవరికీ లేదు.

మొదటి కోవను చూడగానే తెలుగు పాఠకుడికి దేవ, ఋషి, పితృ ఋణాలు గుర్తుకురావడం సహజం, పోలిక కూడా నిజంగానే దగ్గరది. మనిషి పుట్టుకతోనే రుణపడి ఉన్నాడన్న ఊహ రెండుచోట్లా ఉంది. అయితే ఋణత్రయంలో యజ్ఞం, అధ్యయనం, సంతానం అనే ఒక్కొక్క మార్గం ద్వారా ఒక్కొక్క ఋణం నుంచి విడుదల చెప్పబడింది. అక్వినాస్ లెక్కలో విడుదల లేదు, చేతనైనంత ఇవ్వడమే ఉంది. కతోలికుల ప్రధాన ఆరాధన అయిన దివ్యబలిపూజలో లాటిను వాడిన కాలమంతా కృతజ్ఞతార్పణ ప్రార్థనకు ముందు ప్రజలు ‘దిగ్నుమ్ ఎత్ యూస్తుమ్ ఎస్త్’, అంటే ఇది తగినది, న్యాయమైనది అని బదులు పలికేవారు. స్తోత్రం చేయడాన్ని న్యాయం అనడం మొదట వినేవారికి వింతగా తోస్తుంది. ఆరాధనను న్యాయపు కొమ్మగా చూసే ఈ తత్త్వం తెలిస్తే అది అలంకారం కాదని, ఆ మాటకు అక్షరార్థమే ఉద్దేశమని బోధపడుతుంది. పుట్టిన నేలపట్ల భక్తి విషయంలో సరిహద్దువారికి మరో చిక్కు ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి పట్టణం అటు చేరింది. గిడుగు రామమూర్తి పంతులు అంతకు ముందు ఏళ్ల తరబడి అక్కడే ఉండి తెలుగు గురించీ సవర భాష గురించీ పనిచేశారు. అక్కడి తెలుగువాడు భాషకు ఒకచోట, పౌరుడిగా మరొకచోట రుణపడి ఉన్నాడు. అక్వినాస్ సూత్రం ఈ రెంటిలో ఒకదాన్ని ఎంచుకోమనదు. ఎవరి నుంచి ఏ మేలు వచ్చిందో ఆ మేలు మేరకు వారికి మన్నన దక్కాలంటుంది.

అసలు చిక్కుముడి రెండో కోవలో, ముఖ్యంగా కృతజ్ఞతలో ఉంది. 106వ ప్రశ్న ప్రకారం ప్రత్యుపకారం కొలత ఇచ్చిన వస్తువు విలువను బట్టి కాక ఇచ్చినవాడి మనసును బట్టి ఉండాలి, అందుకే కృతజ్ఞత వీలైనంతవరకు అందుకున్నదానికన్నా కొంచెం ఎక్కువ ఇవ్వాలని చూస్తుంది. రోమను తత్త్వవేత్త సెనెకాను ఉటంకిస్తూ ఆయన మరో సూక్ష్మం కూడా చెబుతారు: మేలు పొందిన మరుక్షణమే తిరిగి ఇచ్చేయాలని తొందరపడేవాడు కృతజ్ఞుడు కాడు, అయిష్టంగా అప్పుపడినవాడు. పెళ్లి కట్నాల పద్దు రాసుకుని, వాళ్లు పెట్టినంత మనమూ పెట్టేస్తే గొడవ వదిలిపోతుందనుకునే ఇళ్లు మనకు తెలియనివి కావు.

దీన్ని 78వ ప్రశ్నతో, అంటే వడ్డీ చర్చతో కలిపి చదివితే న్యాయ సిద్ధాంతం మొత్తం ఒక కొత్త కోణంలో కనిపిస్తుంది. అప్పు పుచ్చుకున్నవాడు ఇష్టపడి ఏదైనా ఇస్తే అప్పిచ్చినవాడు తీసుకోవచ్చా అన్నది అక్కడి ప్రశ్న. తీసుకోవచ్చంటారు అక్వినాస్, కాని షరతుగా అడగకూడదు, చెప్పీ చెప్పనట్టు ఒప్పందంలో ఇరికించకూడదు. కారణం చెబుతూ ఆయన రెండు రకాల బాధ్యతలను విడదీస్తారు. న్యాయపు బాకీ అందుకున్న పరిమాణాన్ని బట్టి ఉంటుంది, దాన్ని కచ్చితంగా నిర్ణయించి వసూలు చేయవచ్చు. స్నేహపు రుణం మనసును బట్టి ఉంటుంది, దానిపై చట్టపు బలవంతం పనికిరాదు, ఎందుకంటే బలవంతం వచ్చిన క్షణాన దానికి ప్రాణమైన స్వేచ్ఛ పోతుంది. అంతటితో ఆగకుండా, డబ్బుకు బదులు చాకిరీనో మాటసాయాన్నో తప్పనిసరిగా ఆశించడం కూడా వడ్డీయేనని తేల్చారు, వాటికీ వెల కట్టవచ్చు గనుక. తరవాతి శతాబ్దాల్లో శ్రీసభ వడ్డీ విషయంలో చాలా సడలింపులు ఒప్పుకుంది. 1745లో పద్నాలుగవ బెనెడిక్ట్ పోపు విశ్వలేఖ (శ్రీసభకు పోపు రాసే బోధనా లేఖ) అప్పు స్వభావానికి బయట ఉండే న్యాయమైన కారణాల వల్ల అసలుకు మించి తీసుకోవడానికి వీలుంటుందని అంగీకరించింది. చాకిరీ గురించిన మాట మాత్రం ఆ సడలింపుల్లో కొట్టుకుపోలేదు.

కోరాపుట్ ప్రాంతంలో గోతి అని పిలిచిన పద్ధతి సరిగ్గా ఆ మాట కింద పడుతుంది. పెళ్లికో, జరిమానాకో, కరువు రోజుల తిండికో కొద్దిపాటి సొమ్ము పుచ్చుకున్నవాడు సావుకారు ఇంట్లో పొలంపని చేసి అప్పు తీర్చాలి. చాకిరీ వడ్డీ కింద జమ అవుతూ పోతుంటే అసలు కదలదు. తండ్రి తరవాత కొడుకు అదే చాలులో నడుస్తాడు. ఇది కేవలం అధిక వడ్డీ కథ అయితే చట్టం దాన్ని సులువుగానే పట్టుకునేది. మద్రాసు ప్రభుత్వం 1917లోనే గంజాం, విశాఖపట్నం, గోదావరి ఏజెన్సీలకు తెచ్చిన చట్టంలో వడ్డీ ఏడాదికి నూటికి 24కు మించరాదని, మొత్తం వడ్డీ అసలును దాటరాదని ఉంది, గిరిజనుల భూమి ఇతరులకు బదలాయింపు మీద కూడా కట్టడి ఉంది. అయినా గోతి నిలిచింది. అందుకు పేదరికం, కోర్టుల దూరం, అక్షరం రాకపోవడం వంటి కారణాలు ఎన్ని ఉన్నా, వాటి పక్కన ఒక నైతిక కారణం కూడా ఉంది: అప్పు తీసుకున్నవాడి మనసులో అది బాకీగా కాక రుణంగా నాటుకుంది. ఆకలి రోజుల్లో గింజలు పోసినవాడు కేవలం అప్పిచ్చినవాడిగా కాక అన్నం పెట్టినవాడిగా నిలిచాడు. అతణ్ణి లెక్క అడగడం తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమే అయింది. బాకీకి ఉండే వసూలు హక్కును, రుణానికి ఉండే తీరనితనాన్ని ఒకే పద్దులో కలిపి రాస్తే పుట్టేది గోతి. బాకీ అయితే ఎప్పుడో ఒకప్పుడు తీరాలి, రుణమైతే ఎవరూ అడగకూడదు. ఇక్కడ తీరదు, అడగడమూ ఆగదు.

1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం, 1975 అక్టోబరు 25 నుంచి వర్తించేలా, ఇలాంటి బాకీలన్నిటినీ ఒక్క వేటున రద్దు చేసింది. నిర్వచన సెక్షన్‌లో దేశమంతటి నుంచి ఏరిన పద్ధతుల పేర్లు ఉన్నాయి. జీతా, పాలేరు, వెట్టి అనే తెలిసిన మాటలు కూడా వాటిలో ఉండడం తెలుగువారికి గర్వకారణమేమీ కాదు. ఒప్పందం ఇద్దరికీ ఇష్టమై చేసుకున్నదే కదా అనే వాదానికి పదమూడవ లియో పోపు 1891లో ‘రేరుమ్ నొవారుమ్’ విశ్వలేఖలో ముందే జవాబిచ్చారు. కూలీ ఒప్పందంలో స్వేచ్ఛ ఉండవచ్చు, అయినా దానికి పైన, దానికన్నా పాతదైన సహజ న్యాయం ఒకటి ఉందని, పొదుపుగా బతికే కార్మికుడి జీవనానికి కూలీ చాలకుండా ఉండరాదని, గతిలేక ఒప్పుకున్నవాడి ఒప్పుదల బలవంతం కిందికే వస్తుందని ఆయన రాశారు.

ఈ కలగాపులగానికి తిరగేసిన రూపం కూడా ఉంది, అది ఇప్పటిది. బాకీగా చెల్లించవలసినదాన్ని దయగా పంచడం. రెండవ వాటికన్ మహాసభ 1965లో గృహస్థ ప్రేషితత్వంపై, అంటే గురువులు కాని సామాన్య విశ్వాసుల సేవపై, వెలువరించిన పత్రం 8వ సంఖ్యలో, న్యాయం ప్రకారం ఇప్పటికే రావలసినదాన్ని ప్రేమ కానుకగా ఇవ్వరాదని, ముందు న్యాయం కోరేది తీరాలని హెచ్చరిక ఉంది. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం కింద రేషను బియ్యం విభజన న్యాయపు పంపకం, పౌరుడి హక్కు. డిపో దగ్గర వరుసలో నిల్చున్న ముసలామె మాత్రం ‘బాబులు ఇస్తున్నారు’ అనే అంటుంది, ఇచ్చేవారు కూడా ఆ మాటను సరిదిద్దరు. కృతజ్ఞత మంచి గుణమే అయినా, రావలసింది వచ్చినందుకు చేతులు జోడించడం అలవాటైతే రానప్పుడు అడిగే నోరు పడిపోతుంది. శ్రీసభ సంస్థలకు కూడా ఈ హెచ్చరిక వర్తిస్తుందని ఆ పత్రం ఉద్దేశం. బరంపురం పీఠం (ఒక బిషప్పు పాలనలోని ప్రాంతం) 1974లో, రాయగడ పీఠం 2016లో ఏర్పడిన ఈ ప్రాంతంలో, జనాభాలో మూడో వంతుకు పైగా క్రైస్తవులున్న గజపతి వంటి జిల్లాలో, బడిలో సీటో ఆసుపత్రిలో మంచమో ఇచ్చి విశ్వాసాన్ని ఆశించడం అక్వినాస్ కొలతలో ఎక్కడికి వస్తుందో 78వ ప్రశ్న చదివినవారు తేలిగ్గానే పోల్చగలరు.

అనుబంధ సద్గుణాల్లో మిగిలినవాటిని గురించి తక్కువ మాటలు చాలు. శిక్షించడం కూడా ఒక గుణమేనంటే ఇప్పటివారికి మింగుడుపడదు గానీ, ఎదుటివాడి కీడులో సంతోషించడం ఉద్దేశమైతే అది పాపమని, తప్పు చేసినవాడి దిద్దుబాటు, నలుగురి నెమ్మది ఉద్దేశమైతేనే గుణమని 108వ ప్రశ్న గీత గీసింది. కలుపుగోలుతనాన్ని న్యాయం పక్కన కూర్చోబెట్టడం మాత్రం అందమైన ఆలోచన. మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా బతకలేరు కాబట్టి పలకరింపు కూడా కొంతమేర ఇవ్వవలసినదే. చివరగా 120వ ప్రశ్నలో వచ్చే ‘ఎపికేయా’, చట్టం అక్షరం దాని ఉద్దేశానికే ఎదురు తిరిగినప్పుడు అక్షరాన్ని పక్కనపెట్టే వివేకం. దాచిపెట్టమని ఇచ్చిన కత్తిని అడిగినప్పుడు తిరిగి ఇవ్వాలి, కాని పిచ్చికోపంలో వచ్చి అడిగేవాడికి ఇవ్వకూడదు. ఇది న్యాయానికి మినహాయింపు కాదని, చట్టపరమైన న్యాయం కన్నా మేలైన న్యాయమని అక్వినాస్ అభిప్రాయం.

ఈ తత్త్వానికి గట్టి పరీక్ష పాత వ్యవహారాల్లో ఎదురవుతుంది. గిరిజనుల భూమి తప్పుదారిన చేతులు మారితే తిరిగి ఇప్పించేందుకు ఒడిశా షెడ్యూల్డ్ ప్రాంతాల్లో 1956 నిబంధన ఉంది. కాగితం మీద ఉన్న భూమికి అది దారి చూపుతుంది. కుదువ పెట్టిన వెండి కడియాలకు, ఇత్తడి బిందెలకు, మూడు తరాల చాకిరీకి కాగితాలు లేవు. మహేంద్రతనయకు అటు పాతపట్నం వైపు స్థిరపడిన ఒక కుటుంబంలో తాత నాటి పెట్టె అడుగున ఊరూపేరూ రాయని మూటలో అలాంటి కడియాలు దొరికాయనుకుందాం. దొరికినవాడు ఏ తప్పూ చేయలేదు. అయినా 62వ ప్రశ్న ఆరవ భాగం ప్రకారం, ఎలా వచ్చిందన్నదానితో పనిలేకుండా, ఇతరుల సొత్తు చేతిలో ఉండడమే తిరిగి ఇవ్వవలసిన కారణం. సొంతదారు చనిపోతే వారసుడికి చేరాలి. ఎంత వెదికినా ఎవరో తెలియకపోతే వారి పేరున పేదలకు పోవాలి. వెదకడం మొక్కుబడిగా కాక శ్రద్ధగా జరగాలని ఆ ప్రశ్నలోనే ఉంది. అప్పటి పద్దులు తెలుగులో ఉన్నాయి, అప్పు పుచ్చుకున్నవారి మనవలు ఇప్పుడు ఒడియా బడిలో చదువుతున్నారు, ఇంట్లో మాట్లాడేది సవర భాష. వెదకడం అంటే ముందుగా ఆ పద్దు చదివి వినిపించగలిగిన మనిషిని ఆ ఊరికి పంపడం.